అమ్మకు తెలిసిన వంక

మా అమ్మ అమెరికా వెళ్ళింది అమెరికా చూడటానికి కాదు, అక్క కాన్పుకి. ఈ ఒక్క మాటతో మీలో సగం మందికి మీ అమ్మో, అత్తగారో, పక్కింటి పిన్నిగారో గుర్తొచ్చి ఉంటారు. ఆరు నెలల అనుమతి, రెండు సూట్‌కేసులు. వాటి నిండా శొంఠి, వాము, ఎండుమిరపకాయల కారం, పొత్తిళ్ళకని ఉతికి మడతపెట్టిన పాత నూలుచీరలు. తెల్లారి లేచి పసిబిడ్డకి నూనె రుద్ది నీళ్ళు పోయడం, బాలింతకి ఒక వంట, మిగతావాళ్ళకి ఇంకో వంట. సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి, మనిషన్నవాడు కనపడని రోడ్డుని చూడటం. మన ఆడవాళ్ళు చేసిన అమెరికా యాత్రల్లో చాలా భాగం ఇవే. వీటిని యాత్రాసాహిత్యం అని మాత్రం ఎవరూ అనరు.

అక్కావాళ్ళు ఉండేది ఫీనిక్స్‌లో. అది 2023 వేసవి. ఆ ఊళ్ళో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కి తగ్గలేదు. మన లెక్కలో 43 పైమాటే. టీవీలో పొద్దస్తమానం అదే వార్త. అమ్మ మాత్రం ఆశ్చర్యపోలేదు. "ఇదేం కొత్త? మన తాడిపత్రి ఎండే గదా. ఆడ చెట్టు కింద నలుగురు కూర్చోనుంటారు, ఈడ చెట్టూ లేదు, నలుగురూ లేరు, అంతే తేడా" అంది.

నేను సెలవులకి జూన్‌లో వెళ్ళాను. వెళ్ళిన నాలుగో వారంలో అక్క ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఉన్నట్టుండి ఏడ్చింది. "అమ్మ వచ్చి మూడు నెలలవుతోంది. చూసిందేమిటీ అంటే కాస్ట్‌కో, గుడి, నా పిల్లదాని ఉచ్చగుడ్డలు" అని. బావ మంచివాడు. వెంటనే ఫోను తీసి పేజ్ అనే ఊళ్ళో హోటల్ గది చూశాడు. ఫీనిక్స్ నుంచి ఉత్తరానికి నాలుగున్నర గంటల ప్రయాణం. పిల్లతో అక్క గదిలోనే ఉంటుంది, అమ్మా నేనూ బావా ఇరుకులోయలు చూసొస్తాం. ఈ ఏర్పాటు అక్కదే. అమ్మ ససేమిరా అంది. "నేనుంటాలే పిల్ల కాడ, మీరు ముగ్గురూ పోయి రాండి" అని రెండు రోజులు అదే మాట. అక్క మూడో రోజు గొంతు పెంచింది. అమ్మని ఒకచోటికి పంపడానికి కూడా మేం పోట్లాడాల్సి వచ్చింది!

ఆ ప్రాంతపు లోయల్ని స్లాట్ కాన్యన్ అంటారు. స్లాట్ అంటే సందు. కొండని ఎవరో రంపంతో నిలువునా కోసినట్టు ఉంటాయి. పైన ఆకాశం ఒక దారప్పోగు, కింద రెండు భుజాలు పట్టేంత తోవ, రెండు పక్కలా నున్నగా మెలికలు తిరిగిన ఎర్రటి రాయి. ఆ రాయిని నవాహో ఇసుకరాయి అంటారు. సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందట అక్కడంతా ఇసుక తిన్నెల ఎడారి. గాలికి కదిలిన తిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుకుని రాయయ్యాయి. గోడల మీద ఏటవాలుగా కనిపించే గీతలు ఆనాటి గాలి గీసినవే. తర్వాత దాన్ని కోసింది నీళ్ళు. ఏడాది పొడుగునా పారే నీళ్ళు కాదు. ఎప్పుడో ఒకనాడు వచ్చి, గంటసేపు విరుచుకుపడి, పోయే నీళ్ళు. ఆ నీళ్ళలో కొట్టుకొచ్చే ఇసుకే రాయిని అరగదీస్తుంది. మా కొలిమిగుండ్ల వైపు బెలుం గుహలు చూసినవాళ్ళకి ఆ నునుపు కొంత తెలిసినట్టే ఉంటుంది గానీ రెంటి సంగతీ వేరు. బెలుంలో నీళ్ళు భూమి లోపల సున్నపురాతిని కరిగించుకుంటూ పోయాయి. ఇక్కడ ఇసుకరాతిని పైనుంచి రుద్దుకుంటూ దిగాయి.

మొదటిరోజు ఆంటిలోప్ కాన్యన్‌కి వెళ్ళాం. అది నవాహో జాతి వాళ్ళ నేల. వాళ్ళు తమని తాము దినే అని పిలుచుకుంటారు. అక్కడ సొంతంగా తిరగడానికి లేదు, వాళ్ళ గైడ్ వెంటే వెళ్ళాలి. మా గైడ్ నలభై ఏళ్ళ స్త్రీ. ముందు తన పేరు చెప్పి, ఆ వెంటనే తన వంశాలు చెప్పింది. మొదట తల్లి వంశం, తర్వాత తండ్రి వంశం, ఆ పైన తల్లి తండ్రిది, తండ్రి తండ్రిది. నవాహోల్లో బిడ్డ తల్లి వంశానికి చెందుతుంది. నేను అమ్మకి చెవిలో తెలుగు చేసి చెప్పాను. అమ్మ ఆమెని పైనుంచి కింది దాకా చూసి, "పుట్టింటి పేరు పోదన్నమాట" అంది. మాతృవంశీయత గురించి నేను క్లాసులో గంటన్నర చెప్పే పాఠం అది.

ఆ లోయని 1931లో సూ త్సోసీ అనే అమ్మాయి గొర్రెలు మేపుతూ కనుక్కుందని చెబుతారు. ఈ "కనుక్కోవడం" అనే మాట దగ్గర నాలోని పరిశోధకురాలు మామూలుగానే నిక్కపొడుచుకుంది. తరతరాలుగా దినే వాళ్ళు ఆ నేల మీద ఉంటే, వాళ్ళ పిల్ల దాన్ని కనుక్కోవడం ఏమిటి? ఇదే ఆలోచిస్తూ అమ్మకి ఆ కథ చెప్పాను. అమ్మ ఇంకో వైపు నుంచి పట్టుకుంది. "గొర్రెలు కాసే పిల్లకి తెలియని వంక ఉంటుందా? చెప్పాలని అనిపించినప్పుడు చెప్పింటుంది" అంది.

వంక. ఆ మాట నేను అక్కడ మొదటిసారి విన్నాను, అంటే అక్కడి సందర్భంలో. మా సీమలో వానొస్తే పారి, లేకపోతే ఇసుక పరచుకుని పడుండే వాగుని వంక అంటాం. అప్పటి వరకూ నేను లోయ, కాన్యన్, భూగర్భం, అందం అనుకుంటూ తిరుగుతున్నాను. అమ్మ కారు దిగిన క్షణం నుంచీ వంకలోనే ఉంది.

గొర్రెల దగ్గర ఇంకొక్క మాట. 1930లలో అమెరికా ప్రభుత్వం, మేత ఎక్కువై నేల కోసుకుపోతోందనీ, ఆ మట్టి కొట్టుకెళ్ళి కొత్తగా కట్టే పెద్ద డ్యాములో పూడికవుతుందనీ నవాహోల మందల్ని బలవంతంగా తగ్గించింది. లక్షల్లో గొర్రెలూ మేకలూ పోయాయి. ఆ మందల్లో చాలా భాగం ఆడవాళ్ళవి. వాళ్ళ ఆస్తి, వాళ్ళ మాటకి విలువ, వాళ్ళ మగ్గానికి ఉన్ని, అన్నీ ఆ మందలే. మార్షా వైసిగర్ 2009లో తెచ్చిన పుస్తకంలో ఆ స్త్రీలు ఎంత గట్టిగా ఎదురు తిరిగారో వివరంగా రాసింది. డ్యాము కోసం ఎవరి బతుకు తగ్గించాలి అనే ప్రశ్నకి అన్ని దేశాల్లోనూ జవాబు ఒకటే ఎలా అవుతుందో! పేజ్ ఊరు కూడా డ్యాము కట్టే కూలీల కోసం 1957లో వెలిసిందే. 1963లో గ్లెన్ కాన్యన్ డ్యాము తలుపులు మూశారు, వెనక ఇలాంటి ఇరుకులోయలు ఎన్నో మునిగాయి. మేం చూసినప్పుడు నీళ్ళు బాగా దిగిపోయి, కొండల చుట్టూ తెల్లటి చార తేలి ఉంది. శ్రీశైలం నీళ్ళు తగ్గినప్పుడు పాత గుడి గోపురాలు తేలడం చూసిన కర్నూలు వాళ్ళకి ఆ చార ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

గైడ్ బయటికి వచ్చాక 1997 సంగతి చెప్పింది. ఆ ఏడాది ఆగస్టు 12న, ఆంటిలోప్ కింది లోయలో వరద వచ్చి 11 మంది యాత్రికులు చనిపోయారు. లోయ మీద వాన పెద్దగా లేదు. మైళ్ళ అవతల కురిసిన వాన అక్కడికి గోడలా వచ్చింది. నేను ఇది తెలుగు చేస్తుంటే మధ్యలోనే అమ్మ తలూపింది, తెలిసిన విషయం విన్నట్టు.

రెండోరోజుదే అసలు కథ.

ఆంటిలోప్‌లో వరసలో నిలబడి, ఫోటోల కోసం ఆగి, వెనకవాళ్ళకి జరిగి చూడటం నాకు తృప్తినివ్వలేదు. ఎవరి వెంటా కాకుండా ఒక లోయలో నడవాలనిపించింది. పేజ్ నుంచి పడమటికి 55 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి హౌస్ రాక్ వ్యాలీ అనే మట్టిరోడ్డు మీద మరో పదమూడు. యూటా రాష్ట్రంలోకి వస్తుంది. అరిజోనాలో వేసవికి గడియారం మార్చరు, యూటాలో మారుస్తారు, అందుకని ఫోన్లో టైము ముందుకీ వెనక్కీ గెంతుతూ ఉంటుంది. వైర్ పాస్ అనే చోట మనిషికి ఆరు డాలర్లు కట్టి నడవొచ్చు. గైడ్ అక్కర్లేదు. ఒక మైలు ఇసుక వంకలో నడిస్తే సందు మొదలవుతుంది. అది పోయి పోయి బక్‌స్కిన్ గల్చ్ అనే, పది మైళ్ళకి పైగా సాగే మహా ఇరుకులోయలో కలుస్తుంది. ఆ బక్‌స్కిన్‌లోనే అదే ఏడాది మార్చిలో నీళ్ళొచ్చి కాలినడకన వెళ్ళినవాళ్ళు చనిపోయారు. నేను ఆ వార్త చదివాను. చదివి, మార్చి సంగతి వేరు, మంచు కరిగే కాలం కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. జూలై అంటే వాళ్ళకి వానాకాలం. వాళ్ళూ దాన్ని మాన్సూన్ అనే అంటారు.

ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తర్వాత ఆలోచించాను. నా తరం చదువుకున్న ఆడవాళ్ళకి ఒంటరి ప్రయాణం మీద ఒక మోజు ఉంది. అది తప్పు కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి రాసిన దాన్ని మనం మొదటి యాత్రాచరిత్రగా పాఠం చెబుతాం. ఆయన వెంట పరివారం ఉంది, అందులో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఏం చూశారో మనకి తెలీదు. పోతం జానకమ్మ 1870లలోనే ఇంగ్లండు వెళ్ళొచ్చి పుస్తకం రాస్తే ఆ పేరు మనకి అందడానికి ఇంతకాలం పట్టింది. నాయని కృష్ణకుమారి గారు కాశ్మీరు వెళ్ళింది కాలేజీ ఆడపిల్లల్ని వెంటేసుకుని. ఆ బాధ్యతా, ఆ సరదా రెండూ 'కాశ్మీర దీపకళిక'లో ఉన్నాయి. ఎడారి పుస్తకాలు తెరిస్తే మాత్రం ఒక్కడే మగవాడు, ఒక్కటే ఆకాశం. ఎడ్వర్డ్ ఆబీ 1968లో రాసిన పుస్తకం పేరులోనే ఏకాంతం ఉంది. 2003లో ఆరన్ రాల్స్టన్ అనే అతను యూటాలోనే బ్లూ జాన్ అనే ఇరుకులోయలో బండరాయి కింద చెయ్యి ఇరుక్కుని, ఐదు రోజుల తర్వాత ఆ చెయ్యి తానే కోసుకుని బయటపడ్డాడు. దాన్నే '127 అవర్స్' సినిమా తీశారు, రెహమాన్ సంగీతం. ఆ కథంతా ఒక్క విషయం మీద నిలబడింది. అతను ఎక్కడికి వెళుతున్నాడో ఎవరికీ చెప్పలేదు. సినిమా చూసినప్పుడు నాకు ఆ చెయ్యి కన్నా ఇదే వింతగా తోచింది. ఎవరికీ చెప్పకుండా బయటికి వెళ్ళడం! నేను యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళడానికి కూడా పెళ్ళికి ముందు ఇంట్లో, పెళ్ళయ్యాక అత్తగారింట్లో, విడిపోయాక వాచ్‌మన్‌కి చెప్పి వెళ్ళినదాన్ని. ఆ రోజు వైర్ పాస్‌కి వెళుతున్నానని అక్కకి చెప్పాను, హోటల్ కౌంటర్‌లో చెప్పాను, దారి మొదట్లో ఉన్న పుస్తకంలో రాశాను. చెప్పకుండా ఉండే సుఖం మీద నాకు అసూయ ఉండేది. అదే నన్ను అటు లాగింది కాబోలు.

పొద్దున ఏడింటికి నడక మొదలుపెట్టాం. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కొంగు నడుముకి చుట్టి, అక్క బూట్లు వేసుకుంది. నెత్తిన బావ టోపీ. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. ఆమెకి అప్పటికి అరవై ఒకటి. ఇసుకలో మా ఇద్దరికన్నా చురుగ్గా నడిచింది. పాదం మొత్తం మోపకుండా, వేళ్ళతో తోసుకుంటూ నడిచే నడక. అలా నడవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ నడక నాకు తెలిసింది వంటింటి నుంచి వసారా దాకానే.

సందులోకి అడుగుపెట్టగానే ఎండ తెగిపోయింది. చల్లగా, బావిలో దిగినట్టు. మాటలు మెల్లిగా వచ్చాయి. వెలుతురు పై అంచున పడి, ఒక గోడ నుంచి ఇంకో గోడకి మారుతూ కిందికి దిగేసరికి నారింజ రంగై, ఇంకా కిందికి ఊదా రంగైంది. ఒకచోట నేను అడ్డంగా తిరిగి నడవాల్సి వచ్చింది. వీపుకి ఒక గోడ, రొమ్ముకి ఒక గోడ. రాయి చల్లగా తగిలింది. నా ఒంటిని గురించి ఏ అభిప్రాయమూ లేని ఒక వస్తువు నన్ను తాకిందన్న భావన కలిగింది. అది ఎంత హాయో చాలామందికి చెప్పలేను, ఈ పేజీలు చదివేవాళ్ళకి చెప్పొచ్చు.

అమ్మ గోడ మీద అరచెయ్యి రాస్తూ వస్తోంది. ఒకచోట గోడలోకి గుండ్రంగా తొలిచిన గుంట ఉంది. అందులో చెయ్యి పెట్టి తిప్పింది. "రోలు" అంది. "రోట్లో రాయి తిరిగినట్ల నీళ్ళు తిరిగినాయి ఈడ." తర్వాత తలెత్తింది. మా తలల మీద ఇంకా రెండు నిలువుల ఎత్తున, రెండు గోడల మధ్య ఒక చెట్టు మొద్దు అడ్డంగా ఇరుక్కుని ఉంది. దాని వేళ్ళకి ఎండుగడ్డి, పుల్లలు, చెత్త చుట్టుకుని వేలాడుతున్నాయి.

"ఆ మొద్దు ఆడికెట్ల పోయింది?" అంది.

"వరదలో కొట్టుకొచ్చింది అత్తయ్యా. ఎప్పటిదో" అన్నాడు బావ.

"నీళ్ళు అంతెత్తున వచ్చినాయా?"

"ఎప్పుడో అత్తయ్యా."

అమ్మ ఇంకేం అనలేదు. కానీ అక్కణ్ణుంచి ఆమె గోడల అందం చూడటం మానేసింది. పక్కలకి చూస్తోంది. ఎక్కడ ఎక్కడానికి వీలుంది, ఎక్కడ లేదు, అదే చూస్తోందని నాకు తర్వాత తెలిసింది.

కొంత దూరం పోయాక ఒక పెద్ద బండ సందుకి అడ్డంపడి ఉంది. దాని అవతల మనిషి ఎత్తుకన్నా ఎక్కువ లోతు. ఎవరో ఒక దుంగ ఆనించి పెట్టారు, దాని మీద కాలేసి దిగాలి. బావ ముందు దిగి, చేతులు చాచి నిలబడ్డాడు. నేను బండ మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేశాను. అమ్మ రాలేదు. గోడ వారన నీడలో వంగి బురద చూస్తోంది. పైన పెచ్చులు లేచి ఎండింది, వేలితో పెచ్చు తీస్తే కింద తడి.

"ఇది ముందెప్పటిదో కాదు పాపా. ఈ మధ్యదే" అంది.

బావ పొద్దున హోటల్లో వాతావరణ సూచన చూసే వచ్చాడు. మెరుపు వరదకి వాళ్ళు నాలుగు మెట్లు పెడతారు. రాదు, రావచ్చు, వచ్చేట్టుంది, వస్తుంది. ఆ రోజు రెండోది. వానకి పది, పదిహేను శాతం అవకాశం. బావ అదే చెప్పాడు. "పైన ఒక్క మబ్బు లేదు అత్తయ్యా, చూడండి."

అమ్మ తలెత్తి చూసింది. దారప్పోగంత నీలం. "ఆకాశమే కనపడని తావున వాన సంగతి ఎట్ల తెలిసేది?" అంది. గొంతు పెంచకుండా అంది. "మీరు పోండి అల్లుడూ. మేము రాము. పాపా, లెయ్."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. నిజం రాయాలి కదా. ముప్ఫై ఆరేళ్ళు వచ్చినా "వద్దు" అనే ఆ గొంతు వినగానే నాలో పదహారేళ్ళ పిల్ల లేస్తుంది. నువ్వు ఇంట్లోనే ఉండు, నువ్వు అంత దూరం వద్దు, నువ్వు రాత్రి బస్సు వద్దు. నా జీవితంలో వద్దు అన్న ప్రతిసారీ అమ్మ గొంతుతోనే వచ్చింది. పితృస్వామ్యం తల్లుల నోటితో మాట్లాడుతుందని నేను రెండు వ్యాసాల్లో రాశాను కూడా. ఆ కోపంతోనే లేచాను. బావ పర్వాలేదన్నట్టు నవ్వి, అవతల రెండు లోయలు కలిసే చోట రాతి మీద పాతకాలం వాళ్ళు చెక్కిన కొమ్ముగొర్రెల బొమ్మలున్నాయట, చూసి అరగంటలో వస్తానన్నాడు. వెళ్ళిపోయాడు.

మేమిద్దరం వెనక్కి నడిచి సందు నోటి దగ్గర, ఇసుకకి ఎత్తున ఉన్న ఒక రాతి అంచు నీడలో కూర్చున్నాం. ఎత్తున కూర్చోవాలని అమ్మే అంది. నేను మాట్లాడలేదు. బయట ఎండ మండుతోంది. పది నిమిషాలు గడిచాయి. అమ్మ నా చేతి గడియారం రెండుసార్లు చూసింది. తర్వాత, నన్ను చూడకుండా, ఎదురుగా ఉన్న ఇసుకని చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

అమ్మకి పదకొండేళ్ళు. చెల్లెలికి ఎనిమిది. అమ్మకి ఒక చెల్లెలుందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. మాకు ఇద్దరు మేనమామలే తెలుసు. ఎండాకాలం చివర. ఊరి బావి ఎండిపోతే ఆడపిల్లలు వంకకి పోయి ఇసుకలో చెలమ తీసేవాళ్ళు. చేత్తో గుంట తవ్వి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకోవడం. ఒక బిందె నిండటానికి గంట పైన పట్టేది. ఆ రోజు ఊళ్ళో ఎండే. ఎర్రమల కొండల వైపు మాత్రం పొద్దున్నించి నల్లగా ఉందట.

"ముందు సద్దొచ్చింది. ఆవులమంద ఉరికినట్ల. నేను గట్టెక్కితి. అదీ ఎక్కింది, నా ఎనకాలే. ఎక్కినాక చూస్తే బిందె కిందనే ఉండాది. ఇత్తడి బిందె. పోగొడితే నాయన చంపుతాడని నాకు భయం. 'బిందె తెచ్చుకో పో' అంటి."

చాలాసేపు ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

"బిందె దొరికింది మూడోనాడు. రెండు తావుల సొట్ట పడింది. నా పెండ్లికి అదే పెట్టినారు."

ఆ బిందె నాకు తెలుసు. మా ఇంట్లో, వంటింటి మూల, ముక్కాలిపీట మీద ఉండేది. దాని సొట్టలో బొటనవేలు సరిగ్గా పడుతుంది. పండగలకి చింతపండు పెట్టి తోమడం నా వంతు. ఆ సొట్టలో మురికి సరిగ్గా పోదని అమ్మ మళ్ళీ తోమించేది.

నేను ఆరేళ్ళు పనిచేసి "రాయలసీమ కథల్లో నీళ్ళు" అన్న విషయం మీద డాక్టరేటు తెచ్చుకున్నాను. అందులో ఒక పట్టిక ఉంది, బావి ఎన్ని కథల్లో వచ్చింది, చెరువు ఎన్నింట్లో, వంక ఎన్నింట్లో అని. నీళ్ళు మోసే స్త్రీ మీద ఒక అధ్యాయం ఉంది. 'చెలమ' అన్న మాటకి అడుగున వివరణ ఇచ్చాను. "ఇసుకలో తవ్విన చిన్న నీటిగుంట" అని. నిఘంటువు చూసి రాశాను. రాసేటప్పుడు అమ్మ పక్క గదిలో పప్పు చెరుగుతోంది. ఆమెకి అయిదో తరగతి దాటలేదు కాబట్టి నా పనిలో ఆమెతో పని ఉంటుందని నాకు తోచలేదు. క్షేత్రపర్యటన అని అనంతపురం, కడప జిల్లాల్లో పదకొండు ఊళ్ళు తిరిగి ఆడవాళ్ళని ప్రశ్నలడిగాను.

"మాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాను చివరికి.

"ఏమని చెప్పేది?" అంది.

పేరు అడిగాను. చెప్పింది. ఇక్కడ రాయడానికి ఒప్పుకోలేదు. "పేరు మాత్రం రాయాకు. మిగతాది నీ ఇష్టం" అంది, ఈ వ్యాసం సంగతి ఫోనులో అడిగినప్పుడు.

అరగంట అయింది. నలభై నిమిషాలు. అమ్మ లేచి నిలబడింది. సందులోకి చెవి పెట్టి వింటోంది. నేనూ విన్నాను. ఏమీ లేదు. నేను లోపలికి పోయి పిలిచొస్తానంటే నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. గాజు ఒరుసుకుని గీత పడింది. నేను వదిలించుకోలేదు. యాభై నిమిషాలకి బావ ఈల వేసుకుంటూ వచ్చాడు. ఫోన్లో గొర్రెల బొమ్మలు చూపించాడు. వంపు తిరిగిన కొమ్ములు, పుల్లల్లాంటి కాళ్ళు, వరసగా. "లోపలంతా ఎండిపోయి ఉంది అత్తయ్యా, అనవసరంగా భయపడ్డారు" అన్నాడు. ఎగతాళిగా కాదు, ఆమె పాపం చూడలేకపోయిందే అన్న బాధతోనే అన్నాడు. అమ్మ అతని చేతికి నీళ్ళ సీసా అందించి, తాగేదాకా చూసి, నడవడం మొదలుపెట్టింది.

వరద రాలేదు. ఆ రోజే కాదు, ఆ వారమంతా రాలేదు. ఆ ఏడు అరిజోనాలో వానలే సరిగ్గా పడలేదు, ఫీనిక్స్‌లో అంత తక్కువ వాన పడ్డ వానాకాలం రికార్డుల్లో లేదట. ఆ తర్వాత నెల రోజులు బావ భోజనాల దగ్గర ఈ సంగతి సరదాగా ఎత్తేవాడు. స్నేహితులొస్తే వాళ్ళ ముందు కూడా. "మా అత్తయ్యగారు ఎడారిలో వరదకి భయపడి వెనక్కొచ్చారు" అని. అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. అక్కకి నేనే చెప్పాను, ఆ రాత్రే, హోటల్ గదిలో, అమ్మ పిల్లని పక్కలో వేసుకుని నిద్రపోయాక. బావకి చెప్పలేదు. చెప్పొద్దని అమ్మ అనలేదు, మేమే చెప్పలేదు. అమ్మ ఒకసారి మాత్రం, పిల్ల గుడ్డలు మడతపెడుతూ, "రాకపోతే మంచిదే గదా అల్లుడూ" అంది.

మేరీ ఆస్టిన్ 1903లో కాలిఫోర్నియా ఎడారి గురించి రాసిన పుస్తకంలో, బుట్టలల్లే పైయూట్ స్త్రీ మీద ఒక అధ్యాయం ఉంది. వందేళ్ళ పైబడిన ఆ పుస్తకాన్ని ఎడారి సాహిత్యంలో మొదటి వరసలో చెబుతారు. ఫీనిక్స్‌కి తిరిగొచ్చాక అదే మళ్ళీ తీశాను. ఆస్టిన్‌కి ఎడారిలో మనిషి ఎదుట కూర్చుని వినే ఓపిక ఉంది. చదువుతుంటే నాకు కొంచెం సిగ్గేసింది. పక్కన పెట్టేశాను.

అమ్మని ఇంకా అడగాలనిపించింది. సద్దు విన్నాక గట్టెక్కడానికి ఎంతసేపు పట్టింది, ఇంట్లో ఏమన్నారు, ఆ తర్వాత నీళ్ళకి ఎవరు పోయారు. రికార్డు చేసుకోవచ్చా అని కూడా అనుకున్నాను. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను, మానేశాను, మళ్ళీ అనుకున్నాను. చివరికి ఒక్కటే అడిగాను, ఆ తర్వాత నీళ్ళకి ఎవరు పోయారని. "నేనే. ఇంకెవరుండారు?" అంది. మర్నాటి నుంచే.

డిసెంబరులో ఊరికి వెళ్ళాను. ఇప్పుడు ఇంటి ముందే కుళాయి. రెండు రోజులకోసారి గంటసేపు నీళ్ళొస్తాయి. ప్లాస్టిక్ డ్రమ్ములు, బకెట్లు, తెల్లటి క్యాన్లు వరసగా పెట్టుకుని అమ్మ నిలబడి ఉంది. వాటి చివర ఆ బిందె కూడా ఉంది. నేను దాని వైపే చూస్తున్నానని అమ్మ చూసింది.

"చూస్తా నిలబడితే నీళ్ళు పోతాయి. బిందె పట్టు పాపా" అంది.

నేను పైపు తీసి బిందెలో పెట్టాను.